కుడిచెవి వైపు రా

కుడిచెవి వైపు రా అమ్మాయీ.
ఎడమది ఎప్పుడో ఓడలకిచ్చేశాను.

నీ చేతిలో పెట్టె రంగు మందం చెబుతుందటగా,
మైక్రాన్లలో.
మాకు బొటనవేలి గోరుండేది.
గీస్తే రాలిందా, మళ్లీ కొట్టు.
రాలలేదా, పక్కకు జరుగు.
అంతే మా లెక్క.

ఈ యోంగ్దో రేవులో ఓడ గట్టెక్కిందంటే
ముందు నీళ్లు కారేవి, తర్వాత కంపు.
గుల్లలు, నాచు, పేరు తెలీని పురుగులు
అడుగంతా కాపురాలు పెట్టుకుని ఉండేవి.
వాటిని గీకితే తుప్పు.
తుప్పు కింద ఇంకో తుప్పు, పాతది, నల్లది,
అట్టుకి అట్టు అంటుకున్నట్టు.
కొట్టగా కొట్టగా మధ్యాహ్నానికి
అరచేయంత ఇనుము బయటపడేది
పాలపన్నులా.

రెండు తాళ్లు, ఒక పలక.
పలక మీద నేనూ ఓక్బున్.
కాళ్ల కింద ముప్పై అడుగుల గాలి.
తలకో గుడ్డ, మూతికో గుడ్డ, మొన ఉన్న సుత్తి.
తనొక దెబ్బ, నేనొక దెబ్బ,
అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూచుని
రాతి మీద బట్టలు బాదినట్టు
ఠంగు ఠంగు ఠంగు ఠంగు
చివరికి ఆ మోతే మా పేటకి పేరైంది.

మగవాళ్లా?
సగం మంది సముద్రంలో ఉండేవాళ్లు,
కొందరు పైన, కొందరు అడుగున.
మా ఆయన పైనా కాదు, అడుగునా కాదు,
సందు చివర పేకాటలో.
నా పేరు పిల్నామ్.
"ఈసారి తప్పకుండా మగపిల్లాడే" అని దానర్థం.
మా నాన్న మొక్కు సగమే తీరింది:
మగపిల్లాడు రాలేదు, సుత్తి వచ్చింది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి.
ఉప్పునీళ్లు తాగిన ఇనుము తుప్పు కక్కాలి.
తోమిన ఇనుము పొద్దుగూకేలోపు రంగు చూడకపోతే
రాత్రి మంచుకే మళ్లీ ఎర్రబడుతుంది.
అందుకే పరుగులు.
ముందు సిందూరం, రెండు పూతలు.
నీటిగీత కింద రాగి కలిపిన రంగు, గుల్లలకి విషం.
మా అన్నంలో ఏది ఎంత కలిసిందో
ఏ పెట్టే కొలవలేదు.

చుక్కాని దగ్గర జింకు దిమ్మలు బిగించేవారు.
కొత్తవి సబ్బుబిళ్లల్లా ఉండేవి.
రెండేళ్లకి ఓడ తిరిగొస్తే
అరిగిన సబ్బుముక్కలే.
ఓక్బున్ జాలిపడి
ఓసారి వాటికీ రంగు పూసేసింది.
ప్యో మేస్త్రీ కింద నుంచి తిట్టిన తిట్లు
ఆ మోతలోనూ వినబడ్డాయి.
"దాన్ని కప్పకే! సముద్రం ముందు దాన్ని తినాలి.
తింటూ ఉన్నంతకాలం ఇనుము జోలికి రాదు."
సాయంత్రం దాకా గీకింది, ఒక్క మాట లేకుండా.
పారేసిన ముక్కొకటి కొంగులో కట్టుకుని
ఇంటికి పట్టుకుపోయింది.
కిటికీలో ఉండేది, అద్దం పక్కన.

ఆ తర్వాతి ఏడు తుప్పుపెచ్చు ఎగిరి
ఆమె కంట్లో పడింది.
మూడు వారాల కూలి, ఒక బస్తా బియ్యం.
మళ్లీ పలకెక్కింది.
"ఒక కన్నయితే గురి బాగా కుదురుతుంది" అనేది.
నిజమే, కుదిరింది కూడా.
అందుకే ఇంకా కోపం నాకు.

పోయిన చలికాలం పోయింది.
రాత్రుళ్లు టీవీ కట్టేశాక
నా ఎడమ చెవిలోకి ఓడలొస్తాయి.
డాక్టరు దానికేదో పేరు చెప్పాడు.
వంతులేసుకునే కొడుతుంది ఆ మోత,
ఒకటి తనది, ఒకటి నాది.

సరే, నీ పని చూసుకో.
పచ్చదీపం వెలిగిందా? బాగుంది అంటోందా?
ఇలా రా.
ఈ అతుకు పక్కన చెయ్యి పెట్టు,
నేను వేలితో కొడతాను.
ఇక్కడ.
ఇప్పుడు ఇక్కడ.
తేడా తెలియలేదా?
చెవితో కాదమ్మా,
మణికట్టుకింకా చెవుడు రాలేదు నాకు.
లోపల మెత్తబడింది.
కొత్త రంగు కింద తింటోంది.

ఆ సుత్తి ఇలా ఇవ్వు.